సారె లేని కుండలు

భర్త నోరు తెరిచి ఏదైనా చేసిపెట్టమంటే మనం మహా అయితే పకోడీలు వేస్తాం. అమెరికాలో, ఓక్లహోమాలో, అనా మిచెల్ అనే చెరోకీ ఇల్లాలిని 1960లలో ఆవిడ భర్త అడిగింది మట్టి పైపు! చెరోకీ భాషకి లిపి కూర్చిన సెక్వోయా పటంలో ఆయన నోట్లో పైపు ఉంటుంది. అచ్చం అలాంటిది కావాలన్నాడు. చెరువు తవ్వితే పడ్డ బంకమన్ను దగ్గరే ఉంది. చేసే తీరు చెప్పే మనిషే లేదు.

ఎందుకు లేదంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. చెరోకీల సొంత ఊళ్ళు చాలా దూరాన, తూర్పున అపలాచియన్ కొండల్లో ఉండేవి. అక్కడ కుండలు చేసింది ఆడవాళ్ళే. సారె లేదు. మట్టిని తాళ్ళలా పేని, చుట్టమీద చుట్ట పేర్చి (చేతి జంతికలు చుట్టినట్టనుకోండి), వేళ్ళతో అతుకులు కలిపేవారు. తడి ఆరకముందే, గీతలు చెక్కిన చెక్కతో తట్టేవారు. కుండ మీద ఆ గీతలు పడేవి. అది అందానికే కాదు, ఆ దెబ్బలకి అతుకులు గట్టిపడతాయి. మన కుమ్మరులూ సారె మీంచి దించాక చెక్కతో తడతారు కదా! కాల్చడం ఆరుబయట మంటలోనే.

1838-39లో ప్రభుత్వం సైన్యాన్ని పెట్టి సుమారు 16,000 మందిని ఉన్నపళంగా పడమటికి తరిమింది. శిబిరాల్లో, దారిలో 4,000 మందిదాకా పోయారని అంచనా. అప్పటికే ఇనప గిన్నెలు వచ్చేశాయి. పగలని గిన్నె దొరికితే ఎవరు మాత్రం కాదంటారు? నా వంటింట్లోనూ స్టీలే. ఓక్లహోమాలో అలా ఆ విద్య దాదాపు చెయ్యి జారిపోయింది.

అనా మ్యూజియముల్లో పాత కుండలు చూసి, మట్టితో కుస్తీపట్టి నేర్చుకుంది. కూతురికీ ఇంకెందరికో నేర్పింది. 2012లో కన్నుమూసేనాటికి చెరోకీ నేషన్ ఆవిడని తమ జాతి నిధిగా గౌరవించింది.

తూర్పు కొండల్లో మిగిలినవాళ్ళ కథ వేరు. అక్కడ విద్య పోలేదు, మారింది. 19వ శతాబ్దంలో పొరుగు కటాబా స్త్రీలు వచ్చి ఉన్నారు; రాతితో మెరుగుపెట్టి పొగ పట్టించిన వాళ్ళ నల్లకుండలు యాత్రికులకి నచ్చాయి. చెక్క ముద్రల కుండ వెనకబడింది. 1946లో క్వాలా చేతిపనుల సహకార సంఘం పుట్టాక అమ్మకానికి ఓ దారి ఏర్పడింది. 2000ల్లో కొందరు కుమ్మరుల సంఘంగా కూడి, పాత పెంకులు ముందు పెట్టుకుని ముద్రల కుండలు మళ్ళీ చేశారు. అలమారులో పెట్టే బొమ్మలు కాదు, నిప్పుల మీద వండుకునే కుండలు! వాళ్ళకి నేర్పినవాళ్ళలో అమాండా స్విమ్మర్ ఒకరు. యాత్రికుల ముందు ముప్ఫై ఏళ్ళకి పైగా కుండలు చేసి చూపిన ఆ ముసలమ్మ 2018లో పోయింది, 97వ ఏట.