తొందర చార్జింగ్ – బ్యాటరీ ఆయుష్షు: ఒక చరిత్ర

“ఆలస్యం అమృతం విషం” అంటారు పెద్దలు. ఆ పెద్దలే “నిదానమే ప్రధానం” అని కూడా అంటారు. ఈ రెండు మాటల మధ్య ఎప్పట్నుంచో నలుగుతున్న వస్తువు బ్యాటరీ. కరెంటు బండిని గబగబా చార్జ్ చేస్తే బ్యాటరీ తొందరగా పాడవుతుందా? ఇది ఈ కాలపు ప్రశ్న అనుకుంటాం గానీ, నిజానికి చాలా పాతది.

మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకోగల మొదటి బ్యాటరీని 1859లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. అందులో ఉన్నవి సీసం పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం. 1900లో అమెరికాలో తయారైన కార్లలో దాదాపు మూడో వంతు కరెంటు కార్లే. వాటిని రాత్రంతా చార్జింగ్‌లో పెట్టేవారు. బ్యాటరీ నిండబోయే సమయంలో తొందరపడి ఎక్కువ కరెంటు పంపితే లోపల బుడగలు లేచేవి, వేడెక్కేది, పలకలు వంగేవి. పలకల మీది పదార్థం ఊడి అడుగున పడేది. ఒకసారి ఊడిందంటే మళ్లీ అతుక్కోదు కదా!

దీనికి రెండు మార్గాలు వెతికారు. థామస్ ఎడిసన్ ఏళ్ల తరబడి కష్టపడి నికెల్-ఇనుము బ్యాటరీ చేశాడు. అది గట్టిదే, కానీ ఖరీదెక్కువ. చలిలో సరిగా పనిచేయదు. రెండో మార్గం, 1910ల్లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో వచ్చింది. ఖాళీ బ్యాటరీ తీసేసి నిండిన బ్యాటరీ పెట్టి పంపేవారు. ఇప్పుడు మన నగరాల్లో కొన్ని స్కూటర్లకు, ఆటోలకు చేస్తున్నది అదే పని. ఈలోగా చౌక పెట్రోలు కార్లు వచ్చి కరెంటు కార్లను వెనక్కి నెట్టేశాయి.

1970ల్లో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం లోహంతో బ్యాటరీ చేశాడు. చార్జ్ చేసినప్పుడల్లా లిథియం ముళ్లలా పెరిగి, లోపలి తెరను చీల్చి, నిప్పు అంటుకునే ప్రమాదం వచ్చింది. తర్వాత జాన్ గుడెనఫ్, అకిరా యోషినో చేసిన మార్పులతో అది భద్రమైంది. 1991లో సోనీ కంపెనీ లిథియం-అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే 2001లో మన బెంగళూరులో పుట్టిన రేవా కారు మాత్రం పాత సీసం బ్యాటరీతోనే నడిచింది. పూర్తిగా చార్జ్ కావడానికి సుమారు 8 గంటలు పట్టేది.

లిథియం బ్యాటరీలో ఏం జరుగుతుందో రైలుతో పోల్చి చెప్పుకోవచ్చు. పెట్టె ఖాళీగా ఉంటే జనం చకచకా ఎక్కి కూర్చుంటారు. నిండుతున్న కొద్దీ నెమ్మదిగా ఎక్కాలి. తోసుకుంటే ద్వారం దగ్గరే ఇరుక్కుపోతారు. అలాగే తొందర ఎక్కువైతే లిథియం లోపలికి వెళ్లకుండా పైనే లోహంగా పేరుకుంటుంది. అందులో కొంత మళ్లీ పనికిరాదు. చలిలో ఈ బాధ ఇంకా ఎక్కువ. అందుకే ఫాస్ట్ చార్జర్‌లో 80 శాతం దాటాక బండే వేగం తగ్గించుకుంటుంది.

2010లో జపాన్‌లో చాడెమో అనే ఫాస్ట్ చార్జింగ్ పద్ధతి వచ్చింది. “టీ తాగుతారా?” అనే జపాన్ మాట ఆ పేరులో దాగి ఉంది. టీ తాగి వచ్చేలోపు చార్జింగ్ అయిపోవాలని ఆశ అన్నమాట! మరి బ్యాటరీ సంగతేమిటి? అమెరికాలో మండుటెండల ఊరు ఫీనిక్స్‌లో ఇడాహో జాతీయ ప్రయోగశాల నాలుగు నిస్సాన్ లీఫ్ కార్లను పరీక్షించింది. రెండింటికి మామూలు చార్జింగ్, రెండింటికి ఫాస్ట్ చార్జింగ్. 50,000 మైళ్లు నడిచాక నాలుగూ సుమారు నాలుగో వంతు సామర్థ్యం పోగొట్టుకున్నాయి. ఫాస్ట్ చార్జింగ్ కార్లకు పోయింది కొద్ది శాతమే ఎక్కువ. అంటే వేగం కన్నా వేడే పెద్ద శత్రువు. ఆ కార్లలో బ్యాటరీని చల్లబరిచే ద్రవం లేదు. ఇప్పుడు చాలా కార్లలో ఉంది.

మన ఎండలకు ఈ పాఠం ముఖ్యం. బండిలో అన్నిటికన్నా ఖరీదైనది బ్యాటరీయే. ఆటో నడిపి ఇల్లు నడిపేవాళ్లకు అది ముందే పోతే పిల్లల ఫీజు దగ్గర్నుంచి అన్నీ కష్టమవుతాయి. కాబట్టి రోజూ ఇంట్లో నెమ్మదిగా చార్జ్ చేసుకోవాలి. ఎండలో తిరిగొచ్చాక కాసేపు నీడలో ఆపి, అప్పుడు ప్లగ్ పెట్టాలి. దూర ప్రయాణంలో, అవసరంలో ఫాస్ట్ చార్జింగ్ వాడితే తప్పులేదు. పెద్దల మాటలు రెండూ నిజమే, ఏది ఎప్పుడో తెలియాలి అంతే.