సుద్దముక్కతో గీసిన గొట్టం

కర్మాగారంలో మరమ్మతు కోరుతూ వచ్చే చీటీలో సాధారణంగా మూడు సంగతులుంటాయి: ఏ యంత్రం, ఏమి చెడింది, ఎప్పటికి కావాలి. ఆ పని ఈ విధంగా చేయవచ్చునని తేల్చవలసినదెవరన్న నాలుగవ సంగతి లోపిస్తే ఏమవుతుందో ఫ్లిక్స్‌బరో చరిత్ర చెబుతుంది.

ఫ్లిక్స్‌బరో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఒక పల్లె. నైలాన్‌కు ముడిసరుకైన కాప్రోలాక్టమ్‌ను తయారుచేసే నైప్రో కర్మాగారం అక్కడ ఉండేది. అందులో ఆరు రియాక్టర్లు మెట్లవరుసలా ఒకదానికన్న ఒకటి కాస్త దిగువన నిలిచేవి. వాటి గుండా సైక్లోహెక్సేన్ అనే మండే ద్రవం సుమారు 155 డిగ్రీల వేడితో, అధిక పీడనంతో ప్రవహించేది.

1974 మార్చి 27న అయిదవ రియాక్టరుకు ఆరడుగుల పొడవున పగులు కనబడింది. దానిని తొలగించి, నాలుగవదానికీ ఆరవదానికీ నడుమ తాత్కాలికంగా గొట్టం వేయాలని నిశ్చయించారు. వర్క్స్ ఇంజనీరు ఆ ఏడు మొదట్లోనే ఉద్యోగం వదిలి వెళ్ళాడు. ఆ స్థానం ఖాళీగా ఉంది. ఇటువంటి సమస్యను పరిశీలించి "ఆగండి" అనగల అర్హత, అధికారం రెండూ ఉన్న మెకానికల్ ఇంజనీరు అక్కడ మరొకరు లేరు.

రియాక్టర్ల ద్వారాలు 28 అంగుళాలవి. దొరికిన గొట్టం 20 అంగుళాలది. ఎత్తులలో తేడా ఉన్నందున దానిని రెండుచోట్ల వంచి అతకవలసివచ్చింది. రెండు కొసలా ముడుచుకొని సాగగల బెల్లోస్ ఉన్నాయి. లోపలి పీడనానికి ఈ వంకర గొట్టం మెలిపడుతుందా, బెల్లోస్ దానిని భరిస్తాయా అన్న లెక్క ఎవరూ వేయలేదు. దానికున్న ఏకైక డ్రాయింగు వర్క్‌షాపు నేలమీద సుద్దముక్కతో నిలువెత్తున గీసినదే. పీడన పరీక్ష జరిపారు గాని, రక్షక కవాటం తెరుచుకొనే స్థాయి వరకు పోలేదు. రియాక్టరు ఎందుకు పగిలిందో తేలకుండానే ఏప్రిల్ 1న ఉత్పత్తి తిరిగి మొదలయింది.

రెండు నెలలు గడిచాయి. జూన్ 1, శనివారం సాయంత్రం 4:53 ప్రాంతంలో గొట్టం తెగింది. వెలువడిన ఆవిరిమేఘం అంటుకొని పేలింది. 28 మంది మరణించారు. వారిలో 18 మంది కంట్రోల్ రూములోనివారే. వారాంతపు సెలవు గనుక ఆఫీసులు దాదాపు ఖాళీగా ఉన్నాయి. లేకుంటే ఆ సంఖ్య మరెంతో పెరిగేది.

గొట్టం తెగడానికి ముందు మరేదో జరిగిందని వాదించిన నిపుణులు తరువాతి కాలంలోనూ ఉన్నారు. అయినా 1975 నాటి విచారణ నివేదిక నుండి పరిశ్రమలు గ్రహించిన పాఠం మారలేదు. చెడినదాని స్థానంలో అటువంటిదే పెడితే అది మరమ్మతు. ఆకారమో, కొలతో, దారియో మారితే అది కొత్త నిర్మాణం. దానికి కొత్త నిర్మాణానికి కావలసిన లెక్కలు, డ్రాయింగు, పరీక్ష, బాధ్యుని సంతకం అన్నీ కావాలి. నేడు రసాయన కర్మాగారాలలో మార్పులకు ప్రత్యేక అనుమతిపత్రం నింపించడం వెనుక ఈ విచక్షణే ఉంది.

త్వరపడే షిఫ్టులో ఆ పత్రం విసుగు పుట్టించేదే. కాని ఫ్లిక్స్‌బరోలో మరమ్మతు పేరిట జరిగినది కొత్త నిర్మాణం. దానిని ఆ పేరుతో పిలిచినవారు లేకపోవడమే అక్కడి మొదటి పగులు.