దాదాజాన్ రెండు దునాలీలు

2020లో, ఈద్ కూడా లాక్‌డౌన్‌లోనే గడిచిపోయాక, శ్రీరాంపూర్ నుంచి చాచాజాన్ ఫోన్ చేశాడు. "బేటా, నువ్వు తారీఖ్ గురించి రాస్తుంటవ్ గదా. ఒకసారి వచ్చి దాదా బందూఖులు చూడు. ఏది ఉంచుకోవాలె, ఏది ఇచ్చెయ్యాలె, నువ్వే ఫైసలా చెయ్."

సంగతి ఏమిటంటే, 2019 డిసెంబర్‌లో పార్లమెంట్ ఆయుధాల చట్టాన్ని మార్చింది. అప్పటిదాకా ఒక లైసెన్స్‌దారు మూడు తుపాకులు పెట్టుకోవచ్చు. మొదట బిల్లులో ఒక్కటే అన్నారు. పాత ఖాందాన్ల వాళ్లు, నిషానేబాజీ ఆడేవాళ్లు అభ్యంతరం చెప్పాక రెండు చేశారు. మిగిలిన దాన్ని ఏడాదిలోగా ఠాణాలోనో, లైసెన్స్ ఉన్న దుకాణంలోనో జమ చేయాలి. విరాసత్‌లో వచ్చిందైనా మినహాయింపు లేదు. చాచా లైసెన్స్ మీద ఒక రైఫిల్, రెండు ఇంగ్లీష్ దునాలీలు ఉన్నాయి. రైఫిల్ ఆయన తన సొంత కమాయితో కొన్నది, దాన్ని వదలనన్నాడు. అంటే తగాదా ఆ రెండు దునాలీల మధ్యనే.

హైదరాబాద్ రియాసత్‌లో షికార్ అనగానే అందరికీ మహబూబ్ అలీ పాషా గుర్తొస్తాడు. రాజా దీన్ దయాళ్ తీసిన తస్వీర్లు, కాళ్ల దగ్గర పులి, చేతిలో రైఫిల్. ఛర్రా బందూఖ్‌కు అలాంటి తస్వీర్లు తక్కువ. అది ఎక్కువగా పొయ్యి మీదికి తీతర్, బటేర్ తెచ్చే బందూఖ్. తీతర్ అంటే మన కౌజు పిట్ట, బటేర్ అంటే పూరేడు. గరీబు వేటగాళ్ల దగ్గర మూతి నుంచి బారూద్ కూరే భర్మార్ ఉండేది. కొంచెం హైసియత్ ఉన్నవాళ్ల దగ్గర విలాయతీ దునాలీ ఉండేది.

శ్రీరాంపూర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. చాచా తఖ్త్ మీద దుప్పటి పరిచి రెండింటినీ పక్కపక్కన పడుకోబెట్టాడు. చూపుకు అన్నదమ్ముల్లా ఉన్నాయి. రెండూ 12 బోరే. ఆ అంకె ఎక్కడిదో చాలామందికి తెలీదు: ఒక పౌండు సీసంతో సరిగ్గా ఆ గొట్టంలో పట్టే గుండ్రటి గోలీలు పన్నెండు పోస్తే, అది 12 బోర్. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఫరఖ్ తెలిసిపోతుంది. ఒకటి మూడున్నర కిలోలు, ఇంకొకటి 2 కిలోల 800 గ్రాములకు కాస్త పైన.

బరువైనది బర్మింగ్‌హామ్‌లో గ్రీనర్ కంపెనీ చేసింది. తేలికదాని నాలీల మధ్య పట్టీ మీద "రాడా, కలకత్తా" అని చెక్కి ఉంది. 1914 ఆగస్టులో బెంగాల్ ఇన్‌ఖిలాబీలు 50 మౌజర్ పిస్తోళ్లు, 46 వేల కార్తూసులు ఎత్తుకుపోయింది ఈ రాడా కంపెనీ మాల్‌లోనే. పేరు కలకత్తాదైనా బందూఖ్ మాత్రం బర్మింగ్‌హామ్‌దే. నాలీలు విడదీసి అడుగున చూస్తే అక్కడి ప్రూఫ్ హౌస్ ముద్రలు కనిపించాయి. ప్రతి నాలీలో మామూలు కన్నా ఎక్కువ బారూద్ పెట్టి కాల్చి చూసి, పగలకపోతేనే కిరీటం ముద్ర కొడతారు. తేలికదాని మీద కిరీటం కింద "ఎన్.పి." అని ఉంది, అది 1904 నుంచి వచ్చిన ముద్ర. ఛాంబర్ పొడవు అంకె లేదు, ఆ రివాజ్ 1925లో మొదలైంది. అంటే ఇది ఆ రెండు సాలుల నడుమ పుట్టింది. గ్రీనర్ మీద రెండు ముప్పావు అంగుళాలు అని స్పష్టంగా ఉంది, కాబట్టి ఇదే చిన్నది. వయసులో పెద్దది బరువులో చిన్నదన్నమాట!

ఇంటి కథ కూడా దీనికి సరిపోయింది. తేలికది పర్‌దాదాది. 1948లో పోలీస్ యాక్షన్ తర్వాత హథ్యార్లు జమ చేయమంటే ఠాణాలో అప్పగించాడు. ఏళ్ల తర్వాత గానీ తిరిగి రాలేదు, అప్పటికి ఆయన లేడు. గ్రీనర్‌ను దాదాజాన్ హైదరాబాద్‌లో కొన్నాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాక దేవిడీల్లోని ఝూమర్లు, పాందాన్లు, బందూఖులు బజారుకొచ్చిన జమానా అది. బెల్లంపల్లి బొగ్గు బావుల్లో ముఖద్దమ్‌గా పనిచేసే మనిషి చేతికి ఒక నవాబు బందూఖ్ అలా వచ్చింది.

బరువుకూ తేలికకూ ఒక హిసాబ్ ఉంది. 1881లో పుస్తకం రాసిన డబ్ల్యు.డబ్ల్యు. గ్రీనర్ పేరు మీదే అది చలామణీలో ఉంది: బందూఖ్ బరువు, పేల్చే ఛర్రా బరువుకు 96 రెట్లు ఉండాలి. అంతకన్నా తక్కువైతే భుజం మీద తన్నుతుంది. ఆ లెక్కన తేలికదానికి 30 గ్రాముల ఛర్రా దాటకూడదు. గ్రీనర్ 35 గ్రాములు సుఖంగా పేలుస్తుంది. చెరువు గట్టున కూర్చుని చలికాలం ముర్గాబీల కోసం ఎదురుచూసేవాడికి గ్రీనర్, పొద్దంతా తుప్పల్లో నడుస్తూ కాళ్ల కింద నుంచి లేచే తీతర్‌ను కొట్టేవాడికి తేలికది. అయిదారు కోసులు నడిచాక ఆ అరకిలో పైచిలుకు ఫరఖ్ మోచేతికి తెలుస్తుంది.

చాచా దలీల్ గట్టిదే. "తేలికదాని ఛాంబర్ 65 మిల్లీమీటర్లు. ఇప్పటి కార్తూస్ 70. పనికిరాని బందూఖ్ ఎందుకు?" నిజమే, ఇంకా ప్రమాదం ఏమిటంటే, పేలని 70 కార్తూస్ ఆ పాత ఛాంబర్‌లో హాయిగా పడుతుంది. పేలినప్పుడే దాని మడత మూతి తెరుచుకుని, ముందున్న ఇరుకులోకి చొచ్చుకుపోయి దబావ్ పెరుగుతుంది. ఎవరింట్లోనైనా పాత విలాయతీ దునాలీ ఉంటే, కొలిపించకుండా కార్తూస్ పెట్టొద్దని చేతులు జోడించి చెప్తున్నా.

నేను తేలికదాని తరఫున మాట్లాడాను. చట్టంతో షికారే పోయింది, ఇక కార్తూస్ గోల ఎందుకు, ఖాందాన్ నిషానీ ఏదో అదే ఉంచుదాం అన్నాను. చాచా ఒప్పుకోలేదు. గ్రీనర్ కూడా నిషానీయే, అది వాళ్ల అబ్బా కష్టార్జితం అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అప్పటిదాకా దర్వాజా దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్న ఫుప్పీజాన్ నోరు విప్పింది. "పెద్దది పేలితే నేను చెవులు మూసుకునేదాన్ని. చిన్నది పేలితే చాకు పట్టుకుని ఉరికేదాన్ని."

ఆమె చెప్పేదాకా నేను ఈ కోణమే ఆలోచించలేదు. కొట్టిన పక్షి ప్రాణంతో దొరికితే బిస్మిల్లాహ్ అని జబహ్ చేయాలి. దొరికేలోపే చచ్చిపోతే? బాణం పదునుతో కోస్తుంది, ఛర్రా దెబ్బతో చంపుతుంది, కాబట్టి అది హలాల్ కాదని మన హనఫీ ఉలమాలో ఎక్కువమంది రాయ్. వేరే రాయ్ ఇచ్చిన ఉలమా లేకపోలేదు గానీ, దాదాజాన్ మొదటి దారినే నడిచాడు. తేలికదానితో కొట్టిన తీతర్ తరచూ రెక్క విరిగి ప్రాణంతో పడేది. పదేళ్ల ఫుప్పీ చాకుతో పరుగెత్తి దాదా చేతికిచ్చేది. గ్రీనర్ దెబ్బకు ముర్గాబీ నీళ్లలో పడేది, ఈదుకుంటూ వెళ్లేసరికి ఖతం. ఆ బాతులన్నీ పక్క క్వార్టర్లలోని దాదా దోస్తుల ఇళ్లకు పోయేవి. దసరాకి వాళ్లింటి నుంచి అప్పాలు, గారెలు మనింటికి వచ్చేవి. అంటే ఒక బందూఖ్ మన దస్తర్‌ఖాన్‌ది, ఇంకొకటి మొహల్లాది.

"మరి ఏది ఉంచుదామక్కా?" అని చాచా అడిగాడు.

"చాకు ఇంకా నా దగ్గరే ఉంది" అందామె. చాచా ఇంకేమీ అనలేదు.

గడువు ఇంకా నెల ఉండగా గ్రీనర్‌ను పాత షాలువాలో చుట్టి ఠాణాకు తీసుకెళ్లాం. దానికి ఠాణా కొత్తేం కాదు. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా అక్కడే జమ. ఇళ్ల మీద పడి లైసెన్స్ తుపాకులు ఎత్తుకుపోతున్న అన్నల జమానాలో రెండూ ఇంట్లో కన్నా అక్కడే ఎక్కువ కాలం ఉన్నాయి. రిజిస్టర్‌లో నంబరు ఎక్కించి, ఎదురుగా "12 బోర్ డి.బి.బి.ఎల్." అని రాశారు. లైసెన్స్ పుస్తకంలో తేలికదాని దగ్గర కూడా అక్షరం తేడా లేకుండా అదే ఉంది. రసీదు ఇచ్చాక కూడా చాచా లేవలేదు. షాలువా వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాడు. తీసుకోండి అన్నారు. మడత పెట్టి చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు.