తాళం ఉంది, కానీ తలుపు ఎవరిది? పైథాన్‌లో ఒక డిఫాల్ట్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క డిఫాల్ట్ సెట్టింగ్ చరిత్ర చెప్తాను.

2014 చివరిదాకా పైథాన్ సొంత లైబ్రరీతో హెచ్‌టీటీపీఎస్ లింక్ ఓపెన్ చేస్తే డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యేది. బాగానే ఉంది కదా? కానీ అవతల ఉన్నది అసలు సర్వరేనా అని పైథాన్ తనంతట తాను చూసేది కాదు. ఉత్తరాన్ని కవర్లో పెట్టి గట్టిగా అంటించి, గుమ్మంలో ఎవరుంటే వాళ్ల చేతికి ఇచ్చేసినట్టు! వైఫై మధ్యలో దూరినవాడు తన దొంగ సర్టిఫికెట్ చూపించి పాస్‌వర్డ్ చదివేసినా, మన ప్రోగ్రామ్‌కి ఒక్క ఎర్రర్ కూడా వచ్చేది కాదు.

మరి చెక్ చేసే దారే లేదా? 2008లో వచ్చిన పైథాన్ 2.6లోనే ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ ఉంది. కానీ చెక్ చెయ్యమని మనమే అడగాలి. సర్టిఫికెట్‌లో పేరు సరిపోల్చే ఫంక్షన్ 2011లో 3.2కి వచ్చింది, అందరూ వాడే 2.7కి రాలేదు. ఎందుకంటే పాత వెర్షన్‌కి బగ్ ఫిక్సులే ఇవ్వాలి, కొత్త ఫీచర్లు ఇవ్వకూడదని రూల్.

2012లో టెక్సస్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒక పేపర్ వేశారు. పేమెంట్ లైబ్రరీల్లో కూడా ఈ చెకింగ్ సరిగ్గా లేదని అందులో చూపించారు. తప్పు డెవలపర్లది మాత్రమే కాదు, లైబ్రరీల డిజైన్‌దే అన్నారు.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడింది. అదే ఏడాది నిక్ కోగ్లన్ పెప్ 466తో పాత రూల్‌కి మినహాయింపు తెచ్చాడు. అలెక్స్ గేనర్ పెప్ 476లో చెకింగే డిఫాల్ట్ కావాలన్నాడు. డిసెంబర్‌లో 2.7.9 వచ్చింది. నకిలీ సర్టిఫికెట్ వస్తే కనెక్షన్ కట్!

దీనికి మూల్యం కూడా ఉంది. సొంతంగా చేసుకున్న సర్టిఫికెట్లతో నడిచే ఆఫీస్ సర్వర్లకి వెళ్లే స్క్రిప్టులు ఆగిపోయాయి. అయినా నా లెక్కలో ఆ నిర్ణయం కరెక్టే. ఆగిపోయిన స్క్రిప్ట్ కనిపిస్తుంది, పోయిన పాస్‌వర్డ్ కనిపించదు.

ఇప్పటికీ కోడ్ రివ్యూల్లో నాకు 'వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్' అనే లైన్ తగులుతూనే ఉంటుంది. ఎర్రర్ పోతుంది, నిజమే. దాంతోపాటు కాపలా కూడా పోతుంది. మీ ఆఫీస్ సర్టిఫికెట్‌ని నమ్మదగిన లిస్టులో కలపండి, పది నిమిషాల పని. ఆరేళ్లు పట్టిన మార్పుని ఒక్క లైన్‌తో వెనక్కి తిప్పకండి.