ఈవా మోజెస్ కోర్: మృత్యుశిబిరం నుంచి సాక్ష్యం దాకా

ఈవా మోజెస్ కోర్ (1934 జనవరి 31 – 2019 జూలై 4) నాజీ జర్మనీ నడిపిన ఆష్‌విట్జ్ మృత్యుశిబిరం నుంచి పదేళ్ల ప్రాయంలో ప్రాణాలతో బయటపడిన యూదు మహిళ. కవల పిల్లలపై నాజీ వైద్యుడు జోసెఫ్ మెంగెలె జరిపిన ప్రయోగాలకు ఆమె, ఆమె కవల సోదరి మిరియం గురయ్యారు. అనంతర కాలంలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో టెర్రె హోట్ అనే చిన్న పట్టణంలో స్థిరపడి, తనవంటి బాధితులను వెదికి కూడగట్టారు. మ్యూజియం నెలకొల్పారు. వేలాది విద్యార్థులకు తన కథ చెప్పారు. తనను హింసించినవారిని క్షమిస్తున్నట్లు ప్రకటించి ప్రశంసలనూ, తోటి బాధితుల ఆగ్రహాన్నీ ఒకేసారి చవిచూశారు.

నాజీలు యూరప్‌లో సుమారు 60 లక్షల మంది యూదులను పథకం ప్రకారం హతమార్చారు. ఈ మారణహోమాన్నే హోలోకాస్ట్ అంటారు. ఒక్క ఆష్‌విట్జ్‌లోనే దాదాపు 11 లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు యూదులు. 1945 జనవరి 27న సోవియట్ సేనలు ఆ శిబిరాన్ని విముక్తం చేశాయి. ఆ తేదీని అంతర్జాతీయ హోలోకాస్ట్ సంస్మరణ దినంగా పాటించాలని ఐక్యరాజ్య సమితి 2005లో నిర్ణయించింది.

బాల్యం

రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా ప్రాంతంలో పోర్ట్స్ అనే పల్లెలో వ్యవసాయ కుటుంబంలో ఈవా జన్మించారు. ఆ ఊళ్లో యూదు కుటుంబం వారిదొక్కటే. తల్లిదండ్రులు, ఇద్దరు అక్కలు, ఈవా, మిరియం కలిసి ఆ ఇంట ఆరుగురు. 1940లో ఆ ప్రాంతం హంగరీ ఏలుబడిలోకి వెళ్లడంతో యూదులపై వేధింపులు పెరిగాయి. బడిలో తోటి పిల్లలే కవలలను హేళన చేసేవారు. 1944లో ఆ కుటుంబాన్ని తొలుత సమీప పట్టణంలోని యూదుల నిర్బంధ కేంద్రానికి తరలించారు. అదే ఏడాది మే నెలలో పశువుల రవాణాకు వాడే రైలు పెట్టెల్లో కుక్కి ఆష్‌విట్జ్‌కు పంపారు.

రైలు దిగిన ప్లాట్‌ఫారంపై జరిగినదాన్ని ఈవా జీవితాంతం చెబుతూ వచ్చారు. ఒకేలా ఉన్న ఇద్దరు పిల్లలను చూసి, వీరు కవలలా అని ఒక సైనికుడు తల్లిని అడిగాడు. కవలలైతే మంచిదేనా అని ఆమె ఎదురు ప్రశ్నించింది. అవునన్నట్లు అతడు తల ఊపాడు. ఆమె నిజం చెప్పింది. మరుక్షణమే పిల్లలను లాగేసుకున్నారు. చేతులు చాచిన తల్లిని ఈవా చూడడం అదే ఆఖరుసారి. తండ్రి, అక్కలు అంతకు ముందే జనసమూహంలో కనుమరుగయ్యారు. నలుగురిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

ప్రయోగశాలలో

పిల్లల ముంజేతులపై సంఖ్యలు పచ్చబొడిచారు. ఈవా సంఖ్య ఎ-7063, మిరియం సంఖ్య ఎ-7064. వారంలో మూడు రోజులు పిల్లలను గంటల తరబడి వివస్త్రలుగా నిలబెట్టి, ప్రతి అవయవాన్నీ కొలిచి, ఒకరితో ఒకరిని పోల్చి నమోదు చేసేవారు. మిగతా మూడు రోజులు ఒక చేతి నుంచి రక్తం తీసి, మరో చేతికి ఇంజెక్షన్లు ఇచ్చేవారు. అందులో ఏమున్నదో ఎవరికీ చెప్పలేదు.

ఒక ఇంజెక్షన్ తరువాత ఈవాకు తీవ్ర జ్వరం వచ్చింది. కాళ్లు చేతులు వాచాయి. ఆమెను వేరే గదికి మార్చారు. జ్వర పట్టికను చూసిన మెంగెలె, ఈ పిల్ల రెండు వారాలకు మించి బతకదని నవ్వుతూ అన్నాడని ఆమె గుర్తుచేసుకునేవారు. అక్కడ తిండి లేదు, మందు లేదు. నిలబడే శక్తి లేక నేలపై పాకుతూ గది చివరి కుళాయి వద్దకు వెళ్లి నీళ్లు తాగేవారు. తాను మరణిస్తే మిరియంను కూడా చంపి, రెండు దేహాలను పక్కపక్కన కోసి పోల్చి చూస్తారని ఆమె అనంతర కాలంలో వివరించారు. ఆమె మరణించలేదు. రెండు మూడు వారాలకు జ్వరం తగ్గి సోదరి వద్దకు చేరుకున్నారు.

కవలల ప్రయోగాలకు గురైనవారిలో విముక్తి నాటికి సుమారు 200 మంది మాత్రమే సజీవంగా ఉన్నారు. ముళ్లకంచెల మధ్య నడిచి వస్తున్న పిల్లలను సోవియట్ ఛాయాగ్రాహకులు చిత్రీకరించారు. ఆ దృశ్యంలో ముందు వరుసలో ఉన్నవారు ఈవా, మిరియం. మెంగెలె దక్షిణ అమెరికాకు పారిపోయి, ఏనాడూ న్యాయస్థానం ఎదుట నిలబడకుండానే 1979లో బ్రెజిల్‌లో మరణించాడు.

విముక్తి తరువాత స్వగ్రామానికి చేరిన కవలలకు ఖాళీ ఇల్లు, నేలపై నలిగిపడి ఉన్న కొన్ని ఛాయాచిత్రాలు మిగిలాయి. కొంతకాలం రుమేనియాలోనే బంధువు ఇంట పెరిగారు. 1950లో ఇజ్రాయెల్‌కు వలస వెళ్లారు. అక్కడ ఈవా సైన్యంలో పనిచేశారు.

టెర్రె హోట్

1960లో ఈవా హోలోకాస్ట్ నుంచి బయటపడిన మైకేల్ కోర్‌ను వివాహమాడి, ఆయన నివసించే టెర్రె హోట్‌కు చేరుకున్నారు. పిల్లలిద్దరిని పెంచుతూ, ఇళ్ల క్రయవిక్రయాల ఏజెంటుగా పనిచేశారు. ఆమె గతం ఆ ఊరికి చాలాకాలం తెలియదు. ఊరికి తెలిసింది ఆమె వింత యాస, ముక్కుసూటి మాట మాత్రమే. హాలోవీన్ పండుగ రాత్రులలో ఆకతాయి పిల్లలు ఆ ఇంటిపై స్వస్తిక గుర్తులు గీసి ఆటపట్టించేవారు. నాజీ యువకుల వేధింపులు కళ్లముందు మెదిలి ఆమె వారిని తరుముకుంటూ వెళ్లేవారు. ఆమె కోపానికి కారణం వారికి అర్థమయ్యేది కాదు.

1978లో అమెరికన్ టెలివిజన్‌లో ‘హోలోకాస్ట్’ ధారావాహిక ప్రసారమైంది. దానితో ఆమె కథ వినాలని స్థానికులు కోరసాగారు. ప్రసంగాలకు వెళ్లిన ప్రతిచోటా ఒక ప్రశ్న ఆమెను వెంటాడింది: విముక్తి నాటి చిత్రంలో కనిపించిన మిగతా పిల్లలు ఏమయ్యారు? 1984లో ఆమె, మిరియం కలిసి ‘క్యాండిల్స్’ సంస్థను స్థాపించారు. ఆష్‌విట్జ్‌లో నాజీల ప్రాణాంతక ప్రయోగాలకు గురై బతికిన పిల్లలు అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాల తొలి అక్షరాలతో ఏర్పడిన పేరది. కొవ్వొత్తులు అన్న అర్థం కూడా అందులో ఇమిడి ఉంది. నాలుగు ఖండాలలో, పది దేశాలలో ఉన్న 122 మందిని ఆ సంస్థ గుర్తించి కలిపింది.

ఈ అన్వేషణకు అత్యవసరమైన కారణమూ ఉంది. మిరియం మూత్రపిండాలు బాల్యదశలోనే ఎదుగుదల ఆగిపోయినట్లు వైద్యులు గుర్తించారు. శిబిరంలో ఎక్కించిన పదార్థమేమిటో తెలిస్తే చికిత్సకు దారి దొరుకుతుందని భావించారు. కాని మెంగెలె దస్త్రాలు లభించలేదు. 1987లో ఈవా తన మూత్రపిండాన్ని మిరియంకు దానం చేశారు. క్యాన్సర్ సోకి 1993 జూన్‌లో మిరియం మరణించారు. ఏ మందు తన సోదరి ప్రాణం తీసిందో ఈవాకు చివరి వరకు తెలియలేదు.

క్షమ, దానిపై వివాదం

అదే ఏడాది ఆమె జర్మనీ వెళ్లి, ఆష్‌విట్జ్‌లో నాజీ వైద్యుడిగా పనిచేసిన హాన్స్ మ్యూంచ్‌ను కలిశారు. మెంగెలె ప్రయోగాల వివరాలు ఆయనకు తెలియవు. అయితే గ్యాస్ ఛాంబర్ల పనితీరును తాను స్వయంగా చూశానని ఆయన అంగీకరించారు. అటువంటివేవీ లేవని వాదించేవారు పెరుగుతున్న కాలమది. ఆష్‌విట్జ్‌కు వచ్చి, సాక్షుల ఎదుట ఆ మాటను రాతపూర్వకంగా ధ్రువీకరించాలని ఈవా కోరారు. ఆయన ఒప్పుకున్నారు.

ఈ సాయానికి ఎలా కృతజ్ఞత తెలపాలా అని ఆమె నెలల తరబడి ఆలోచించారు. చివరకు మ్యూంచ్‌ను క్షమిస్తున్నట్లు లేఖ రాయాలని నిశ్చయించారు. ఆ రాత పని సాగుతుండగానే, మెంగెలెను కూడా క్షమించగల శక్తి తనకు ఉన్నదని గ్రహించినట్లు ఆమె చెప్పారు. 1995 జనవరి 27న విముక్తి స్వర్ణోత్సవం నాడు, గ్యాస్ ఛాంబర్ శిథిలాల వద్ద మ్యూంచ్ తన ధ్రువీకరణపై సంతకం చేశారు. ఈవా తన క్షమా ప్రకటనను చదివారు.

దీనిపై తోటి బాధితులలో పలువురు మండిపడ్డారు. మరణించిన లక్షల మంది తరఫున క్షమించే హక్కు ఎవరికీ లేదన్నది వారి వాదన. పశ్చాత్తాపమే ప్రకటించని హంతకుడిని క్షమించడం హత్యను తేలికపరచడమేనని కొందరన్నారు. తాను కేవలం తన పేరిట మాత్రమే క్షమిస్తున్నానని, ఇతరులు కూడా అలా చేయాలని ఆదేశించడం లేదని ఈవా సమాధానమిచ్చారు. క్షమ అంటే నేరస్థుడికి ఇచ్చే బహుమానం కాదని, బాధితుడు తనకు తాను చేసుకునే చికిత్స అని ఆమె వివరించేవారు.

తెలుగులో క్షమాపణ అనే మాట సాధారణంగా తప్పు చేసినవారు కోరుకునేదానికి వర్తిస్తుంది. ఈవాను మెంగెలె ఏనాడూ క్షమాపణ కోరలేదు. ఆమె ఇచ్చినది ఎవరూ కోరని క్షమ. వివాదమంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది.

2015లో ఆష్‌విట్జ్ మాజీ ఉద్యోగి ఆస్కార్ గ్రోనింగ్‌పై జర్మనీలోని లూనెబర్గ్ న్యాయస్థానంలో విచారణ జరిగింది. ఈవా అందులో సహ ఫిర్యాదిగా సాక్ష్యం చెప్పారు. విరామ సమయంలో 93 ఏళ్ల నిందితుడితో కరచాలనం చేశారు. ఆయన ఆమెను దగ్గరకు తీసుకున్న ఛాయాచిత్రం ప్రపంచమంతటా ప్రచురితమైంది. మిగతా ఫిర్యాదుదారులు తాము ఈ క్షమలో భాగస్వాములం కామని బహిరంగంగా ప్రకటించారు. 3 లక్షల హత్యలకు సహకరించిన నేరానికి గ్రోనింగ్‌కు నాలుగేళ్ల శిక్ష పడింది. అటువంటివారు జైలులో కూర్చోవడం కంటే, తాము చూసినదాన్ని యువతకు చెప్పడమే మేలని ఈవా అభిప్రాయపడ్డారు.

ఆమె క్షమను మరపుగా పొరబడడానికి వీలులేదు. 1995లో క్షమా ప్రకటనతో పాటు ఆమె చేజిక్కించుకున్నది ఒక నాజీ వైద్యుడి సంతకం ఉన్న సాక్ష్యపత్రం. 2015లో ఆమె న్యాయస్థానానికి వెళ్లింది కూడా సాక్షిగానే. కోపాన్ని వదులుకున్నారు గాని, నిజం నమోదు కావాలన్న పట్టుదలను ఆమె ఎన్నడూ వదులుకోలేదు.

మ్యూజియం

1995లోనే టెర్రె హోట్‌లో ఆమె ఒక చిన్న మ్యూజియాన్ని ప్రారంభించారు. 2003 నవంబరులో గుర్తుతెలియని దుండగులు దానికి నిప్పుపెట్టారు. ఓక్లహోమా సిటీ బాంబు పేలుడు దోషి టిమొతీ మెక్‌వేను స్మరించమంటూ గోడపై రాసి వెళ్లారు. 2001లో అతడికి మరణశిక్ష అమలైంది ఆ పట్టణంలోని జైలులోనే. సేకరించిన వస్తువులలో చాలా భాగం బూడిదయ్యాయి. అయితే ఒకనాడు ఆమెను వింతగా చూసిన పట్టణమే ఈసారి అండగా నిలిచింది. చందాలు పోగయ్యాయి. 2005లో మ్యూజియం కొత్త భవనంలో తిరిగి తెరుచుకుంది. ఇండియానా పాఠశాలల్లో హోలోకాస్ట్ చరిత్ర బోధనను తప్పనిసరి చేస్తూ 2007లో వచ్చిన చట్టానికి ఆమె కృషి తోడ్పడింది.

భారతీయ పాఠకులకు

నాజీ వైద్యులపై న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణ 1947 ఆగస్టులో ముగిసింది. ఆ తీర్పులో భాగంగా వెలువడిన పది సూత్రాలే న్యూరెంబర్గ్ నియమావళి. ప్రయోగానికి గురయ్యే వ్యక్తి స్వచ్ఛంద సమ్మతి అత్యావశ్యకమన్నది అందులో మొదటి సూత్రం. నేడు మన ఆసుపత్రులలో ఔషధ పరీక్షలకు ముందు తీసుకునే సమ్మతిపత్రం మూలాలు అక్కడ ఉన్నాయి. పిల్లలపై పరిశోధనకు తల్లిదండ్రుల అనుమతితో పాటు, ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆష్‌విట్జ్‌లో ఇంజెక్షన్ ఇచ్చేనాటికి ఈవా వయస్సు పదేళ్లు.

ఈ చరిత్ర జాడలు కోల్‌కతాలో కూడా కనిపిస్తాయి. 1798లో సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన షాలోం కోహెన్‌తో అక్కడి యూదు సమాజం ఆరంభమైంది. ఆ సమాజంలో పుట్టిన జె.ఎఫ్.ఆర్. జాకబ్, యూరప్‌లో యూదుల ఊచకోత వార్తలకు చలించి 1942లో సైన్యంలో చేరారు. 1971లో ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటు చర్చలలో కీలకపాత్ర వహించారు. ఆయన సైన్యంలో చేరిన ఏడాదే, జూలై 18న వార్సా ఘెట్టోలోని అనాథాశ్రమంలో యానుష్ కోర్చాక్ సంరక్షణలోని పిల్లలు రవీంద్రనాథ్ ఠాగూర్ ‘డాక్ ఘర్’ నాటకాన్ని ప్రదర్శించారు. మూడు వారాలైనా గడవక ముందే ఆ పిల్లలనూ, కోర్చాక్‌నూ ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించారు. వారి తరఫున చెప్పడానికి ఎవరూ మిగలలేదు. మిగిలిన కొద్దిమంది పిల్లల మాట ఎందుకు విలువైనదో దీనినిబట్టి తెలుస్తుంది.

చివరి యాత్ర

ఈవా ఏటా సందర్శకుల బృందాన్ని వెంటబెట్టుకుని ఆష్‌విట్జ్‌కు వెళ్లేవారు. తల్లి చేయి విడిపోయిన ప్లాట్‌ఫారంపై నిలబడి, జరిగినదాన్ని వరుసగా చెప్పేవారు. ప్రతిసారి నీలిరంగు దుస్తులలో కనిపించే ఆ పొట్టి ముసలావిడ చుట్టూ చేరి ఉపాధ్యాయులు, విద్యార్థులు ప్రశ్నలడిగేవారు. 2019 జూలైలో అటువంటి యాత్రలోనే ఉండగా, ఆష్‌విట్జ్‌కు సమీపంలోని క్రాకోవ్ నగరంలో 85వ ఏట ఆమె కన్నుమూశారు. టెర్రె హోట్‌లోని మ్యూజియం నేటికీ పాఠశాల విద్యార్థులకు ఆ కథ చెబుతూనే ఉంది.