బ్రేకు డిస్కులు, ప్యాడ్ల మార్పిడి

బ్రేకు డిస్కులు, ప్యాడ్ల మార్పిడి అనగా కారు తయారీదారు అమర్చిన బ్రేకు డిస్కులను, ప్యాడ్లను తీసివేసి, వాటి స్థానంలో ఎక్కువ వేడిని తట్టుకొనగల లేదా ఎక్కువ వ్యాసం గల వాటిని అమర్చుకొనడం. డిస్కునే రోటారు అని కూడా అంటారు. శక్తివంతమైన ఇంజను గల కార్ల యజమానులు, పందేలలో కార్లు నడిపేవారు ఈ పని ఎక్కువగా చేయిస్తారు. సికింద్రాబాదులోని రాణిగంజ్ ప్రాంతం వాహనాల విడిభాగాల వ్యాపారానికి చాలాకాలంగా పేరుపొందినది. జంట నగరాలలో ఇటువంటి మార్పిడి తలపెట్టినవారు తరచుగా మొదట వాకబు చేసేది అక్కడే.

ఈ మార్పిడి వలన కారు వెంటనే తక్కువ దూరంలో ఆగుతుందని చాలామంది నమ్ముతారు. ఇది పూర్తిగా నిజం కాదు. మొదటిసారి బ్రేకు వేసినప్పుడు కలిగే లాభం స్వల్పం. పదవసారి, ఇరవయ్యవసారి వేసినప్పుడు కూడా బ్రేకు అదే విధంగా పట్టడమే అసలు లాభం.

పనిచేయు విధానం

పెడలు నొక్కినప్పుడు మాస్టర్ సిలిండరులోని ద్రవం మీద ఒత్తిడి కలుగుతుంది. ఈ ద్రవాన్ని వాడుకలో బ్రేకు ఆయిలు అంటారు కానీ నిజానికి ఇది నూనె కాదు. పాస్కల్ నియమం ప్రకారం ఆ ఒత్తిడి గొట్టాల గుండా ప్రతి చక్రం వద్ద గల క్యాలిపరుకు చేరుతుంది. క్యాలిపరులోని పిస్టను రెండు ప్యాడ్లను చక్రంతోపాటు తిరుగుతున్న డిస్కుకు ఇరువైపులా అదిమి పట్టుతుంది. ఘర్షణ వలన కారు యొక్క గతిజ శక్తి ఉష్ణశక్తిగా మారుతుంది. కాబట్టి బ్రేకును కారును ఆపే యంత్రమనుట కంటె వేడిని పుట్టించి గాలిలోకి వదిలే యంత్రమనుట సముచితం.

చరిత్ర

డిస్కు బ్రేకుకు 1902లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ పేటెంటు పొందెను. ఆనాటి రాగి ప్యాడ్లు త్వరగా అరిగిపోవుటచే, పైగా భరించలేని శబ్దం చేయుటచే అది వ్యాప్తిలోకి రాలేదు. 1953లో ఫ్రాన్సులోని ల మాన్స్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులు గల జాగ్వార్ సి-టైప్ కారు గెలిచిన తరువాత ప్రపంచం దృష్టి వీటిపై పడినది. గంటల తరబడి నడిచే ఆ పందెంలో డ్రమ్ము బ్రేకుల కార్లు వేడెక్కి బ్రేకు పట్టు కోల్పోతుండగా, జాగ్వార్ చోదకులు మలుపులకు మరింత దగ్గరగా వెళ్ళి బ్రేకు వేయగలిగారు. 1955లో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారుతో ఇవి పెద్ద ఎత్తున తయారయ్యే కార్లలోకి వచ్చినవి. మనదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు చాలాకాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులతోనే నడిచినవి. నేటికీ చాలా చిన్న కార్లకు ముందు చక్రాలకు మాత్రమే డిస్కులుండి, వెనుక డ్రమ్ములుంటాయి. వేగానికి పేరుపడిన ఫోక్స్‌వాగన్ పోలో జి.టి. టి.ఎస్.ఐ. కారుకు కూడా మనదేశంలో వెనుక డ్రమ్ములే ఉండేవి.

వేడి లెక్క

విద్యార్థులు ఈ విషయాన్ని పదవ తరగతి భౌతికశాస్త్రంతోనే అర్థం చేసుకొనవచ్చును. 1,400 కిలోల కారు గంటకు 100 కి.మీ. వేగంతో, అనగా సెకనుకు 27.8 మీటర్ల వేగంతో పోవుచున్నదనుకుందాం. ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో గుణించగా గతిజ శక్తి సుమారు 540 కిలోజౌళ్ళు. కారు ఆగునప్పుడు బరువు ముందుకు వాలుతుంది గనుక ఇందులో సుమారు 70 శాతం ముందు చక్రాల మీద పడుతుందని అనుకొంటే, ఒక్కొక్క ముందు డిస్కుకు దాదాపు 190 కిలోజౌళ్ళ వేడి చేరుతుంది. డిస్కు బరువు 8 కిలోలు, పోత ఇనుము విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు అర కిలోజౌలు. కనుక ఒక్కసారి ఆగితే డిస్కు ఉష్ణోగ్రత 47 డిగ్రీలు పెరుగుతుంది.

అదే కారు 160 కి.మీ. వేగం నుండి ఆగితే? వేగం ఒకటిన్నర రెట్లకు కాస్త మించి పెరిగినది, కానీ శక్తి రెండున్నర రెట్లయినది. డిస్కు ఒక్కసారికే 120 డిగ్రీలు వేడెక్కుతుంది. పందెపు బాటలో చల్లారుటకు వ్యవధి లేక ఇటువంటివి నాలుగైదు వెంటవెంటనే జరిగితే డిస్కు 500 డిగ్రీలు దాటుట వింత కాదు. మామూలు రోడ్డు ప్యాడ్లు 300 నుండి 350 డిగ్రీల వద్దనే బలహీనపడసాగుతాయి.

ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరు

కారును చివరకు ఆపేది టైరుకు, రోడ్డుకు మధ్య గల ఘర్షణ. ఆరోగ్యంగా ఉన్న ఏ బ్రేకయినా గట్టిగా నొక్కితే చక్రాన్ని బిగించివేయగలదు, లేదా ఏ.బి.ఎస్. పనిచేసేటంత పట్టు ఇవ్వగలదు. 2019 ఏప్రిల్ నుండి మనదేశంలో అమ్మే కొత్త ప్రయాణికుల కార్లన్నింటికీ ఏ.బి.ఎస్. తప్పనిసరి అయినది. ఆ స్థితికి చేరిన తరువాత ఎంత పెద్ద డిస్కు అమర్చినా ఆ ఒక్కసారికి దూరం తగ్గదు. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.9 అనుకొంటే 100 కి.మీ. వేగం నుండి ఆగుటకు సుమారు 44 మీటర్లు కావలెను. తడి రోడ్డు మీద అది 0.5కు పడిపోతే దాదాపు 79 మీటర్లు. ఈ 35 మీటర్ల తేడాను ఏ డిస్కూ పూడ్చలేదు. అరిగిన టైర్ల మీద ఖరీదైన బ్రేకులు అమర్చుకొనుట, ఈ వ్యాస రచయిత దృష్టిలో, డబ్బును వృథా చేయుటయే.

పట్టు తగ్గుట - ఘాట్ రోడ్డు ఉదాహరణ

వేడి మితిమీరినప్పుడు బ్రేకు పట్టు తగ్గడాన్ని మెకానిక్‌లు బ్రేకు ఫేడ్ అంటారు. ఇది రెండు విధాలు. ప్యాడులోని జిగురు పదార్థం కాలి వాయువులు వెలువడి ఘర్షణ తగ్గుట మొదటిది. అప్పుడు పెడలు గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. బ్రేకు ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడుట రెండవది. ద్రవం నొక్కుకొనదు గానీ ఆవిరి నొక్కుకొంటుంది, కనుక పెడలు మెత్తబడి నేలకు తగులుతుంది. రెండవది మరింత ప్రమాదకరం.

దీనికి పందెపు కారే అక్కరలేదు. సికింద్రాబాదు నుండి సొంత కారులో తిరుమల వెళ్ళివచ్చే కుటుంబాన్ని తీసుకొనండి. కొండ మీదికి, తిరుపతికి మధ్య ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 1,400 కిలోల కారు అంత ఎత్తు దిగునప్పుడు కోల్పోయే స్థితి శక్తి 9,600 కిలోజౌళ్ళు, అనగా 100 కి.మీ. వేగం నుండి దాదాపు 18 సార్లు ఆగినంత. ఇందులో కొంత టైర్ల దొర్లుడుకు, గాలి నిరోధానికి ఖర్చవుతుంది. మిగిలినదానిని చోదకుడు తక్కువ గేరులో ఇంజనుకు అప్పగించవలెను, లేదా బ్రేకులకు అప్పగించవలెను. కొండ దిగుటకు 40 నిమిషాలకు తక్కువ కారాదని దేవస్థానం విధించిన నిబంధన వెనుక గల భౌతికశాస్త్రం కూడా ఇదే: అదే వేడి ఎక్కువ సమయంలో పుడితే చల్లారుటకు వీలుంటుంది. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు నేడు దిగుటకు ఉపయోగపడుచున్నది. న్యూట్రల్‌లో, ఇంజను ఆపి దిగే అలవాటు గలవారు ఈ లెక్కను ఒకసారి తామే చేసి చూచుకొనవలెను.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 4 రకపు కొత్త ద్రవం కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు కాగా, తేమ చేరిన తరువాత అది 155కు దిగవచ్చును. డాట్ 3కు ఇవి 205, 140; డాట్ 5.1కు 260, 180. రెండేళ్ళకొకసారి ద్రవం మార్చుట డిస్కుల మార్పిడి కంటె ఎన్నో రెట్లు చౌక, చాలామందికి సరిపోయేది కూడా అదే. డాట్ 5 మాత్రం సిలికోనుతో చేసినది. పేరు దగ్గరగా ఉన్నదని దానిని మిగిలినవాటితో కలుపరాదు.

డిస్కుల రకాలు

చిన్న కార్లకు ఒకే పలకగా ఉండే డిస్కు ఉంటుంది. రెండు పలకల మధ్య రెక్కలు గలదానిని గాలి డిస్కు అనవచ్చును; తిరిగేటప్పుడు మధ్య నుండి గాలిని లాగి అంచుల గుండా విసిరివేస్తుంది. గాళ్ళు తీసిన డిస్కులు ప్యాడు పొడిని, నీటిని ఊడ్చివేస్తాయి, కానీ ప్యాడ్లను కొంచెం త్వరగా అరగదీస్తాయి. రంధ్రాలు గల డిస్కులు చూచుటకు అందంగా ఉంటాయి. కానీ తీవ్రమైన వేడిలో ఆ రంధ్రాల చుట్టూ పగుళ్ళు ఏర్పడుట కలదు. రంధ్రాల వలన ఇనుము తగ్గి, వేడిని నిలుపుకొనే శక్తి కూడా తగ్గుతుంది. అందుచేత పోత ఇనుప డిస్కులు వాడే పందెపు కార్లకు గాళ్ళే ఎక్కువ నమ్మదగినవి. కార్బన్ సిరామిక్ డిస్కులు ఇనుము బరువులో సుమారు సగమే ఉంటాయి, ధర మాత్రం సామాన్యులకు అందనిది.

ప్యాడ్లు

మార్పిడిలో నిజమైన గుణం ఎక్కువగా ప్యాడ్లలోనే ఉన్నది. ప్యాడు అనేది ఒకే పదార్థం కాదు. జిగురు, నారలు, లోహపు పొడి, గ్రాఫైటు, పూరక పదార్థాల మిశ్రమం. పూరకాలలో ముఖ్యమైనది బెరైటీస్. పూర్వపు కడప జిల్లాలోని మంగంపేట బెరైటీస్ నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ఒకప్పుడు నారగా ఆస్‌బెస్టాస్ వాడేవారు. అదే జిల్లాలోని పులివెందుల ప్రాంతంలో ఆ ఖనిజాన్ని కూడా తవ్వేవారు. దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు, మెసోథీలియోమాకు కారణమని తేలిన తరువాత ప్రధాన తయారీదారులు దానిని విడిచిపెట్టారు. పాత వాహనాల డ్రమ్ములు విప్పినప్పుడు గాలి పైపుతో ధూళి ఊదుట నేటికీ చిన్న వర్క్‌షాపులలో కనబడుతుంది. అది పనివారి ఊపిరికి సంబంధించిన విషయం, తడిగుడ్డతో తుడువవలెను.

ప్యాడు అంచున రెండు ఆంగ్ల అక్షరాలు ముద్రించబడి ఉంటాయి. మొదటిది మామూలు ఉష్ణోగ్రతలో, రెండవది అధిక ఉష్ణోగ్రతలో ఘర్షణ గుణకాన్ని తెలుపుతుంది. ఇ అక్షరానికి 0.25 నుండి 0.35, ఎఫ్‌కు 0.35 నుండి 0.45, జి అక్షరానికి 0.45 నుండి 0.55. రెండవ అక్షరం మొదటిదానికంటె తక్కువదైతే, వేడిలో పట్టు తగ్గునని అర్థం.

పందేలకు చేసిన ప్యాడ్లు రోడ్డుకు పనికిరావు. అవి వేడెక్కిన తరువాతనే పట్టుతాయి. ఉదయం ఇంటి నుండి బయలుదేరి మొదటి కూడలిలో, చల్లని డిస్కు మీద అవి మామూలు ప్యాడ్ల కంటె తక్కువ పట్టు ఇస్తాయి, కీచుమంటాయి, డిస్కును తినివేస్తాయి. ప్యారడైజ్ వద్ద సిగ్నలుకు సిగ్నలుకు ఆగే కారుకు 600 డిగ్రీల ప్యాడు ఎందుకు?

వ్యాసం పెంచుట

డిస్కు వ్యాసం 256 మి.మీ. నుండి 288 మి.మీ.కు పెంచితే, ప్యాడు నొక్కే చోటు చక్ర కేంద్రానికి సుమారు 105 మి.మీ. నుండి 121 మి.మీ. దూరం జరుగుతుంది. అదే ఒత్తిడికి బలభ్రామకం 15 శాతం పెరుగుతుంది. డిస్కు బరువు పెరుగుట వలన వేడిని కూడా ఎక్కువ ఇముడ్చుకొంటుంది. అయితే చక్రపు రిమ్ము లోపల పెద్ద క్యాలిపరు పట్టవలెను. ముందు బ్రేకును మాత్రమే పెంచితే ముందు వెనుకల సమతూకం చెడి, వెనుక చక్రాలు తమ వంతు పని చేయక ఆగే దూరం పెరుగుట కూడా సంభవమే. పెద్ద పిస్టన్లు గల క్యాలిపరు అమర్చి పాత మాస్టర్ సిలిండరునే ఉంచితే పెడలు మరింత లోతుకు పోతుంది.

అమరిక, తొలి ఒరపిడి

కొత్త డిస్కు మీది తుప్పు నిరోధక నూనెను బ్రేకు క్లీనరుతో తుడిచి, హబ్బు మీది తుప్పును గీకి బిగించవలెను. హబ్బుపై మిగిలిన చిన్న తుప్పు పెచ్చు డిస్కును వంకరగా కూర్చోబెట్టుతుంది. అంచు వద్ద ఆ వంకర మిల్లీమీటరులో పదవ వంతు దాటినా కొంతకాలానికి పెడలు అదురుతుంది. "డిస్కు వంగిపోయింది" అని మెకానిక్‌లు చెప్పేది చాలావరకు వంపు కాదు. ప్యాడు పదార్థం హెచ్చుతగ్గులుగా అంటుకొనుట వలన ఏర్పడిన మందపు తేడా. లేత్ కొట్టించి సరిచేయవచ్చును, కానీ డిస్కుపై ముద్రించిన కనీస మందం కంటె తగ్గరాదు.

తరువాత ఒరపిడి. ఖాళీ రోడ్డు మీద 60 కి.మీ. వేగం నుండి 10కి, పూర్తిగా ఆగకుండా, ఎనిమిది పది సార్లు తగ్గించి, పిమ్మట బ్రేకు తాకకుండా కొంత దూరం నడిపి చల్లార్చవలెను. దీనివలన ప్యాడు పదార్థం పలుచని పొరగా డిస్కుపై సమంగా పరుచుకొంటుంది. కొందరు ఈ పని ఔటర్ రింగు రోడ్డు మీద చేస్తారు. వేగంగా వచ్చే వాహనాల ముందు పదే పదే బ్రేకు వేయుట ఎంతమాత్రం తగదు.

హైదరాబాదులో బ్రేకు పరిశోధన, పందేలు

కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల సైనిక విమానాలకు లోహ-సిరామిక్ బ్రేకు ప్యాడ్లను రూపొందించినది. అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లాబొరేటరీ అగ్ని క్షిపణుల కొరకు వృద్ధి చేసిన కార్బన్-కార్బన్ పదార్థ విజ్ఞానమే తేజస్ విమానపు బ్రేకు డిస్కులకు కూడా ఆధారమైనది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.83 కి.మీ. వీధి బాటపై ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెం జరిగినది. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచెను. ఆ తరం కార్లను వెనుక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండా రూపొందించారు. మోటారే జనరేటరుగా మారి వేగాన్ని తగ్గించి, శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. 2024లో జరుగవలసిన రెండవ పందెం రద్దయినది.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలో గల తయారీదారు వివరాలకు భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని ధ్రువపరచినది. డిస్కు వ్యాసం ఆ పత్రంలో ఉండదు; అరిగిన ప్యాడ్లకు బదులు సరైనవి వేసుకొనుట నేరం కాదు. బ్రేకులు మాత్రం 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 96వ నియమానికి లోబడి ఉండవలెను. వ్యాసం, క్యాలిపరు మార్చినవారు బీమా కంపెనీకి వ్రాతపూర్వకంగా తెలిపి, విడిభాగాల బిల్లులు భద్రపరచుకొనుట మంచిది. నకిలీ ప్యాడ్లు అసలు పెట్టెలలోనే దొరకుట కలదు గనుక బిల్లు లేకుండా కొనరాదు.