అన్నం మానితే గడ్డ మాడుతుందా?

ఎలవూరు స్టేషన్లో పొద్దున్నే చెన్నై సెంట్రల్‌కు పోయే లోకల్ ఎక్కేవాళ్ళలో స్కాను ఫిల్ముల సంచీ చంకన పెట్టుకున్నవాళ్ళు ఉంటారు. మెదడులో గడ్డ అని తేలిన ఇంట్లో మందుల తర్వాత మాట తిండి మీదికే పోతుంది. "అన్నం మానేసి కొవ్వు తింటే గడ్డ మాడిపోతుందంట, నిజమేనా?" వీరమాచనేని రామకృష్ణ చెప్పిన కొబ్బరినూనె, నిమ్మకాయల పద్ధతి తెలుగిళ్ళన్నిటికీ తెలుసు. కానీ అది బరువుకూ షుగరుకూ పేరుపడింది. మెదడు గడ్డ దాకా ఈ తిండి వచ్చిన దారి వేరు.

దాని మొదలు మూర్ఛరోగం. పస్తుంటే ఫిట్స్ తగ్గుతున్నాయని 1911లో పారిస్ వైద్యులు రాశారు. ఎన్నాళ్ళని పస్తుంటారు? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టరు రస్సెల్ వైల్డర్ దారి చూపాడు. పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచితే, తింటున్నా ఒళ్ళు పస్తున్నట్టే నడుస్తుంది, కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేస్తుంది. కీటోజెనిక్ డైట్ అన్న పేరు ఆయన పెట్టిందే.

అదే దశకంలో బెర్లిన్‌లో ఒట్టో వార్‌బర్గ్, క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుతున్నా గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా పులియబెట్టడం చూశాడు. అలా చేస్తే ఒక్కో గ్లూకోజుకు దక్కేది రెండే ఏటీపీలు, అంటే కణానికి శక్తినిచ్చే అణువులు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనిపెట్టినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినవాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. పస్తున్నప్పుడు మెదడు కీటోన్లతో నెట్టుకొస్తుందని 1967లో కాహిల్ బృందం చూపింది. ఇక ఆశ పుట్టింది: చక్కెర తగ్గితే మెదడు ఓర్చుకుంటుంది, చక్కెర మీదే బతికే గడ్డ ఓర్చుకోలేదు.

1995లో క్లీవ్‌లాండ్‌లో లిండా నెబెలింగ్ బృందం ఆస్ట్రోసైటోమా అనే మెదడు గడ్డ ముదిరిన ఇద్దరు ఆడపిల్లలకు ఈ తిండి పెట్టింది. కేలరీల్లో 60 శాతం ఎంసీటీ అనే కొవ్వు నూనె నుంచే. గడ్డ గ్లూకోజు పీల్చుకోవడం సగటున 21.8 శాతం తగ్గింది. ఒక పాప హుషారైంది, కొత్త పనులు నేర్చుకుంది, మరో ఏడాది అదే తిండి మీద గడ్డ ముదరకుండా గడిపింది. చదువుతుంటే గుండె ఉప్పొంగుతుంది. కానీ ఇద్దరే పిల్లలు.

2020లో జర్మనీ వైద్యులు గడ్డ తిరగబెట్టిన 50 మందిని పరీక్షించారు. అందరికీ మళ్ళీ రేడియేషన్ ఇచ్చి, సగం మందికి తొమ్మిది రోజులు పస్తుతో కలిపి ఈ తిండి పెట్టారు. గడ్డ ఆగిన కాలంలో రెండు గుంపులకూ తేడా రాలేదు. రేడియేషన్‌కు టెమొజోలమైడ్ అనే మందు కలిపితే గ్లయోబ్లాస్టోమా అనే మెదడు గడ్డ ఉన్న రోగుల మధ్యస్థ ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6కు పెరిగిందని మాత్రం 2005లోనే రుజువైంది.

ఇంకో చిక్కు వంటింట్లోనే కనిపిస్తుంది. మెదడు వాపుకు ఇచ్చే డెక్సామెథసోన్ రక్తంలో చక్కెర పెంచుతుంది, ఆకలి రేపుతుంది. బిళ్ళ వేసుకున్న మనిషి పెరుగన్నం కోసం చెయ్యి చాస్తాడు. ఆ గిన్నె పక్కకు లాగేముందు, ఇంట్లోవాళ్ళు సంచీలో స్కాను ఫిల్ములతో పాటు ఆ బిళ్ళల చీటీ, బరువు రాసిన కాగితం కూడా పెట్టుకుని వైద్యం చేస్తున్న డాక్టర్నే అడగాలి. రేడియేషన్ రోజు మాత్రం ఒక్కటీ తప్పకూడదు.